మేడారం బండ్ల బాట



పస్రా దాటి తాడ్వాయి వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు డాంబరు రోడ్డు నుంచి విడిపోయి అడవిలోకి దిగే మట్టి దారులు కనిపిస్తుంటాయి. రెండు గాడులు, నడుమ గడ్డి. నాలుగు బారలు పోగానే చెట్ల వెనక్కి తిరిగి మాయమైపోతాయి. కట్టెలకు పోయేవాళ్ల దారులని చాలామంది అనుకుంటారు. కొన్ని అవే. మిగిలినవి డాంబరు రాకముందు వరంగల్ నుంచి గోదావరి ఒడ్డు దాకా మనుషులు, ఎడ్లు, బండ్లు నడిచి నడిచి చేసిన బాటలు. తెలంగాణ పల్లె మాటలో చెప్పాలంటే తొవ్వలు.

గాడి అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అల్లరి పిల్లవాడు చదువు మీద మనసు పెడితే గాడిలో పడ్డాడంటారు. సాఫీగా సాగే సంసారం చెడితే గాడి తప్పిందంటారు. పెళ్లిళ్లలో వంటవాళ్లు నేలను పొడవుగా తవ్వి పెట్టే పొయ్యి గాడిపొయ్యి. నేలలో పడిన పొడవాటి లోతు అది. ఇనుప పట్టా వేసిన చక్రం ఒకే చోట మళ్లీ మళ్లీ పోతే మట్టి అణుగుతుంది. వానకు కోసుకుపోతుంది. మరుసటి ఏడు వచ్చిన బండి చక్రం తనంతట తానే అందులోకి జారుతుంది. తోలేవాడు కునుకు తీసినా ఎడ్లు ఆ గాడి పట్టుకునే ఇంటికి చేరుస్తాయి. మేడారం దారుల్లో ఇప్పుడు జీపు నడిపేవాళ్లు కూడా మొదట వెతికేది ఆ గాడినే.

అమెరికాలో 19వ శతాబ్దంలో పడమటికి వలస పోయినవాళ్ల బండ్లు వయోమింగ్ రాష్ట్రంలో గెర్న్సీ అనే ఊరి దగ్గర ఇసుకరాతిని ఐదడుగుల లోతు దాకా కోశాయి. ఆ గాడులను అక్కడి ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతోంది. తెలుగు అడవుల్లోని బండ్ల బాటలకు అలాంటి భాగ్యం పట్టలేదు. వాటికి బోర్డు లేదు, కొలత లేదు. ఉన్నదల్లా ఆ దారిన పోయినవాళ్ల జ్ఞాపకం.

వరంగల్ నుంచి ములుగు దాటాక నేల తీరు మారుతుంది. పొలాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నిలబడ్డ గుట్టలు క్రమంగా దగ్గరై వరుస కడతాయి. మహా ఎత్తేమీ కాదు. కానీ బండి నడిపేవాడికి కొండ ఎత్తుకన్నా కొండల అమరిక ముఖ్యం. పాకాల చెరువు పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి రాతి పొరలకు పాకాల శ్రేణి అని పేరు పెట్టారు. అందులో ఒక విభాగానికి మల్లంపల్లి పేరు, ఇంకొక దానికి ములుగు పేరు. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లవి. గట్టి రాయీ, పొరలు పొరలుగా విడిపోయే మెత్తటి రాయీ పక్కపక్కనే ఉంటాయి. మెత్తటిది అరిగి లోయ అయింది, గట్టిది నిలిచి గుట్ట అయింది. గుట్టకూ గుట్టకూ నడుమ సందు మిగిలింది. తెలుగులో దాని పేరు కనుమ.

ఆ సందుల్ని కాకతీయులు చూసిన చూపు గొప్పది. లక్నవరం చెరువు దగ్గర నిలబడితే అది కళ్లకు కడుతుంది. కొండల మధ్య ఉన్న ఇరుకు సందులకు పొట్టి కట్టలు వేసి, మిగతా గోడ పని అంతా కొండలకే అప్పగించారు. గణపతిదేవుని కాలం నాటి పాకాల చెరువూ కొండల ఒడిలోదే. నీళ్లు పోయే సందు దొరికితే కట్ట వేసి చెరువు చేశారు. ఎడ్లు పోయే సందు దొరికితే దాన్ని దారికి వదిలారు. ఈ ప్రాంతపు పాత బాటలు ఎందుకు అలా మెలికలు తిరుగుతాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. గుట్టనూ తప్పించాలి, చెరువు శిఖం బురదనూ తప్పించాలి.

ఓరుగల్లు మీదికి వచ్చిన సైన్యాలకు కూడా దారే పెద్ద పరీక్ష అయింది. 1303లో ఢిల్లీ సుల్తాను అల్లాఉద్దీన్ ఖల్జీ పంపిన దండు తూర్పు నుంచి, బెంగాల్, ఒడిశాల మీదుగా వచ్చింది. ఉప్పరపల్లి దగ్గర కాకతీయ సేనల చేతిలో ఓడిపోయింది. వానకాలం ఆ దండును ఎంత దెబ్బతీసిందో చరిత్రకారుడు బరనీ రాశాడు. ఆరేళ్ల తర్వాత ఢిల్లీ దారీ మార్చింది, కాలమూ మార్చింది. 1309 అక్టోబరు 31న ఢిల్లీలో బయలుదేరిన మాలిక్ కాఫర్ దేవగిరి వైపు నుంచి, సిర్పూరు కోటను పట్టుకుని, 1310 జనవరిలో హనుమకొండ గుట్ట దగ్గర దిగాడు. వాగులు తగ్గి నేల గట్టిపడిన నెలలవి. ఈనాటికీ ఈ అడవి దారుల్లో బండి తిప్పాలనుకునే వాళ్లకు పెద్దలు చెప్పే నెలలు అవే. కార్తీకం వెళ్లాలి, వాగులు తీయాలి, అప్పుడు బయలుదేరాలి.

1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు అడవుల్లోకి వెళ్లి అక్కడ రాజ్యం నిలబెట్టాడని బస్తరు రాజవంశం చెప్పుకుంటుంది. ఆ వంశానికి చెందిన కమల్ చంద్ర భంజ్‌దేవ్ 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహం కోసం వరంగల్ వచ్చినప్పుడు జనం కోట దగ్గర స్వాగతం పలికారు. ఆయన పూర్వీకుడు పోయాడని చెప్పుకునే దారిలో మాత్రం గోదావరి మీద ముల్లకట్ట దగ్గర వంతెన పడేదాకా ఏటూరునాగారం జనానికి పడవలే దిక్కు.

ఇక ఈ బాటకు ప్రాణం పోసింది మేడారం జాతర.

సమ్మక్క సారలమ్మల కథ ఓరుగల్లు జిల్లాల్లో చెప్పనక్కరలేదు. కరువు వచ్చి కప్పం కట్టలేని కోయ రాజు పగిడిద్దరాజు, ప్రతాపరుద్రుని సైన్యం, సంపెంగ వాగు దగ్గర పోరు, ఆ వాగులోకి దూకి దానికి తన పేరు మిగిల్చిన జంపన్న, చిలకలగుట్ట మీద కనుమరుగైన సమ్మక్క. రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ నాలుగు రోజుల జాతర. 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఇప్పుడు వేల బస్సులు తిరుగుతున్నాయి. మొన్న మొన్నటి దాకా మాత్రం జాతర అంటే ఎడ్లబండే. హనుమకొండ నుంచి మేడారం నూరు కిలోమీటర్ల పైమాటే. ఎడ్లబండి రోజుకు పాతిక కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పోను నాలుగు రోజులు, రాను నాలుగు రోజులు. బండిలో బియ్యం, గడ్డి, కోళ్లు, మొక్కుబడి బెల్లం. ఆ బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు. ఎత్తు బంగారం ఇవ్వడమంటే మనిషి బరువుకు తూగే బెల్లం ఇవ్వడం. అంటే రాళ్ల దారిలో ఆ బండి ఒక మనిషి బరువును అదనంగా మోసుకుపోవాలి. ఇప్పటికీ కొన్ని ఊళ్లవాళ్లు బండ్లు కట్టుకునే వస్తారు.

అలాంటి బండిని అలాంటి దారిలో నడపడం ఒక విద్య. ఫోర్ వీల్ డ్రైవ్ జీపుల వాళ్లు శిక్షణ శిబిరాల్లో నేర్చుకునే పాఠాలకూ, బండి తోలే రైతు తండ్రి దగ్గర నేర్చుకున్న పాఠాలకూ తేడా బహు తక్కువ. బయలుదేరే ముందు ఇరుసుకు కందెన వేయాలి. ఎద్దుల గిట్టలకు లాడాలు కొట్టించాలి. సీలలు ఊడకుండా చూసుకోవాలి. బరువు సర్దడం ఇంకా కీలకం. ముందుకు ఎక్కువ పడితే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది. జీపు పైకప్పు మీద సామాను గుట్టగా కట్టుకుని ఏటవాలు దారిలో పక్కకు వాలిపోయే కుర్రాళ్లకు ఈ లెక్క తెలిసి ఉంటే బాగుండేది. బరువు ఎంత కింద ఉంటే బండి అంత నిలకడగా ఉంటుంది.

దిగుడు వస్తే తొందర పనికిరాదు. బండివాడు దిగి, ముందు నిలబడి, ఎద్దుల్ని అదుపు చేస్తూ అడుగు అడుగుగా దించుతాడు. జీపులో ఆ పని ఇంజన్ చేస్తుంది. లో రేంజి వేసి, ఫస్ట్ గేరులో పెట్టి, క్లచ్ మీది నుంచి కాలు తీసేస్తే ఇంజనే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీదే ఆధారపడితే రాళ్ల మీద చక్రం తిరగడం ఆగిపోయి జారుడు మొదలవుతుంది. జారే చక్రానికి స్టీరింగ్ మాట వినబడదు.

రాయి ఎదురైతే కొత్తవాళ్లు దాన్ని రెండు చక్రాల నడుమకు తీసుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లు చక్రాన్నే నెమ్మదిగా రాయి మీదికి ఎక్కిస్తారు. ఎందుకంటే జీపుకు నేలకు అతి దగ్గరగా వేలాడేది ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ గుండు. రాయి దానికి తగిలితే అడవిలో ఆ రాత్రి అక్కడే. ఇంకొక చిన్న సంగతి, చాలా పనికొచ్చేది. గాడిలో పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం లోపలికి బొటనవేళ్లు చుట్టకూడదు. ముందు చక్రం రాతికి కొట్టుకుంటే స్టీరింగ్ ఒక్కసారిగా గిర్రున తిరిగి వేలు విరిచేస్తుంది. వేళ్లను అంచు మీద ఆనించి పట్టుకోవాలి.

వాగుల్లోని ఇసుక మరొక పాఠం. టైరులో గాలి మామూలుగా ఉండే 30, 32 పౌండ్ల నుంచి 18, 20కి తగ్గిస్తే టైరు అడుగు వెడల్పై, బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది. దిగబడిన చోట యాక్సిలరేటర్ తొక్కితే చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది. ఇసుక గురించి ఈ నేలకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఇక్కడికి దగ్గర్లోనే, పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ఇసుక నింపిన పునాది మీద నిలబడి ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కదలకుండా బంధించిన ఇసుక గుడినే మోస్తుంది. విడిగా ఉన్న ఇసుక జీపును మింగుతుంది. ఆ తేడా ఎరిగిన శిల్పుల ఊరిది.

అన్నిటికన్నా పెద్ద పాఠం వాగు. పస్రా దగ్గర గుండ్ల వాగు, తాడ్వాయి దారిలో జలగలంచ వాగు, మేడారం ముందు జంపన్న వాగు. వీటి మధ్య పేరుకైనా నోచుకోని ఒర్రెలు ఎన్నో. ఎండాకాలం వీటిలో పిల్లలు ఆడుకుంటారు. పైన ఎక్కడో గుట్టల్లో వాన పడితే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే నీళ్లు వచ్చేస్తాయి. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఒక్క రోజులో అంత వాన నమోదు కాలేదు. ఆ వరదలో జంపన్న వాగు కొండాయి ఊరి మీద పడి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. కొండాయి అంటే జాతరకు సారలమ్మ భర్త గోవిందరాజు బయలుదేరే ఊరు. అదే రోజుల్లో ముత్యంధార జలపాతం చూడటానికి అడవిలోకి వెళ్లిన పదుల మంది వాగులు పొంగి లోపలే చిక్కుకుంటే, విపత్తు సహాయ దళాలు వెళ్లి బయటికి తీసుకురావలసి వచ్చింది.

అందుకే వాగు దగ్గర బండి ఆపాలి. మనిషి దిగాలి. కర్ర పట్టుకుని నడిచి, లోతూ అడుగూ చూడాలి. మోకాలు దాటితే, నీటి ఊపు కాళ్లను లాగితే వెనక్కి తిరగాలి. సిగ్గుపడాల్సిన పని లేదు. ఎడ్లబండివాడు చేసేదీ అదే. ఎద్దు నీటి అంచున ముట్టె చాచి ఆగిపోతే ములుకోల వాడడు. ఎద్దుకు తెలిసింది తనకు తెలియలేదని ఒప్పుకుంటాడు. దాటగలిగినంత నీళ్లే ఉంటే, ఒకే గేరులో, ఒకే వేగంతో, నడుమ ఆగకుండా పోవాలి. అవతలి గట్టు ఎక్కాక బ్రేకులు రెండు మూడుసార్లు తొక్కి ఆరనివ్వాలి.

తెలుగువాళ్లలో దారిని ఇలా శ్రద్ధగా చూసి రాసిన పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీకి పోతూ, నల్లమల కొండల్లో నాగలూటి, భీముని కొలను దారిన శ్రీశైలం చేరాడు. ఆ తర్వాత హైదరాబాదు, నిర్మల్ మీదుగా నాగపూరు పోయాడు. ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగడి ఉంది, ఏ కొండ ఎక్కుడు ఎలాంటిది, అన్నీ రాసుకున్నాడు. కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. శ్రీశైలం కొండ మీదికి అంతకు ఐదు వందల ఏళ్ల కిందటే, ఓరుగల్లు పడిపోయిన తర్వాతి కాలంలో, ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు. నల్లమలకు వీరాస్వామయ్య దొరికాడు. మేడారం బాటకు అలాంటి రాతగాడు దొరికి ఉంటే, ఏ ఒర్రె దగ్గర బండ్లు ఆగేవో, ఏ మర్రి కింద వంటలు అయ్యేవో ఈనాడు తెలిసేది. అది తెలిసిన ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. జిల్లా కళాశాలల్లో చరిత్ర చదివే పిల్లలు ఒక్క సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నా చాలు, ఆ బాట కాగితం మీదైనా నిలుస్తుంది.

ఈ మధ్య ఒక కొత్త సరదా మొదలైంది. పెద్ద టైర్ల జీపులు వేసుకుని, గుంపులుగా వచ్చి, గాడి వదిలి పక్కనున్న గడ్డిలోంచి, మొక్కల మీదుగా పోయి వీడియోలు తీసుకోవడం. కొండ దారుల్లో పోయే బండి ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో ఏజెన్సీ ఊళ్లకు తెలుసు. ఆ బండి మీద మోజు తప్పు కాదు. కానీ ఏటూరునాగారం అభయారణ్యం 806 చదరపు కిలోమీటర్లది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. పెద్దపులి అప్పుడప్పుడూ గోదావరి దాటి ఈ అడవుల్లోకి వస్తోంది. పాత గాడిని పట్టుకుని పోయే బండి అడవికి కొత్త గాయం చేయదు. గాడి వదిలిన బండి చేస్తుంది. రెండు చక్రాల కొత్త చాలు పడితే, తొలి వానకే అందులో నీళ్లు పారి, మూడో ఏటికి అది ఒర్రె అవుతుంది. ఆ ఒర్రె పాత బాటనే తెంపుతుంది.

2024 ఆగస్టు 31న ఈ అడవికి పెద్ద దెబ్బే తగిలింది. తాడ్వాయి, మేడారం మధ్య సుడిగాలి లాంటి గాలి వీచి, వందల ఎకరాల్లో వేల చెట్లను ఒక్క సాయంత్రంలో నేలకూల్చింది. ఎన్నో చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. చెట్లు పడిన చోట దారులు మూసుకుపోయాయి. మొద్దులు తొలగించి తిరిగి తెరిచే పని అటవీ శాఖ మీద పడింది. ఏ చెట్టు గుర్తుతో బండ్లు మలుపు తిరిగేవో ఆ చెట్లలో ఎన్ని పోయాయో లెక్క కట్టేవాళ్లు లేరు.

ఇంత జరిగినా ఒక దారి మాత్రం ఇంకా కాలినడకకే మిగిలి ఉంది. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును పెనక వంశస్థులు పట్టుకుని మేడారం వస్తారు. దాదాపు 70 కిలోమీటర్లు. గుట్టలు, వాగులు, అడవి. కావాలంటే వాహనం ఎక్కొచ్చు, డాంబరు రోడ్డూ ఉంది. వాళ్లు నడుస్తారు. దారిలో రాత్రికి ఆగి, తెల్లారి మళ్లీ కదులుతారు. ఊళ్లవాళ్లు నీళ్ల బిందెలతో ఎదురొచ్చి, వాళ్ల పాదాల మీద పోసి, పసుపు రాస్తారు. సాయంత్రానికి డోలు చప్పుడు జంపన్న వాగు అవతల వినిపిస్తుంది. గద్దెల దగ్గర కూర్చున్న జనం లేచి నిలబడతారు. నాలుగో రోజు దేవతలు వనప్రవేశం చేశాక, పూనుగొండ్ల వాళ్లు వచ్చిన తొవ్వ పట్టుకునే వెనక్కి మళ్లుతారు.